కప్పు కింద పెట్టి అడిగినవాడు

నేను దోహాలో ఇంటి డ్రైవర్‌గా చేరిన మరుసటి ఏడు, ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, బాబా నన్ను పిలిచి మజ్లిస్ గోడ మీదున్న పెద్ద ఫొటో దించమన్నాడు. బాబా అంటే మా యజమాని. గల్ఫ్ ఇళ్లలో పనిచేసేవాళ్లం యజమానిని అలాగే పిలుస్తాం, ఇష్టం ఉన్నా లేకపోయినా. మజ్లిస్ అంటే ఇంటి ముందు భాగంలో మగవాళ్లు కూర్చునే పెద్ద గది. ఫొటోలో ఉన్నది దేశాన్ని ఏలే పెద్దాయన. ఆయన పరాయి దేశంలో ఉండగా కొడుకు గద్దె ఎక్కాడని ఆ రోజు వార్త. వీధిలో ఒక్క అద్దం పగల్లేదు, ఒక్క కొట్టు మూయలేదు. మాది కడప జిల్లా. మా ఊళ్లో పంచాయతీ ప్రెసిడెంటు మారితేనే రెండు గడ్డివాములు తగలబడతాయి. ఒక దేశం చేతులు మారడం ఇంత నిశ్శబ్దంగా జరుగుతుందా అని నాకు నమ్మబుద్ధి కాలేదు. ఫొటోను దుప్పటిలో చుట్టి, స్టోరు గదిలో గోడ వైపు తిప్పి పెట్టాను. కొన్నాళ్లకు కొత్త ఫొటో వచ్చింది. దాన్ని ఆ పాత మేకుకే తగిలించాను.

ఆ తర్వాత నాలుగేళ్లూ ఆ ఇంట్లో అందరూ మార్పు గురించే మాట్లాడారు. పేపర్లు ఇక ఎవరి అనుమతీ లేకుండా రాసుకోవచ్చన్నారు. కొత్త టీవీ చానల్ ఒకటి వచ్చింది. అందులో కోట్లు తొడుక్కున్న మనుషులు ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే, మజ్లిస్‌లో కూర్చున్నవాళ్లు వాళ్లందరి మీదా అరిచేవారు. ఉత్తరాన సముద్రం కింద దొరికిన గ్యాసును ఓడలకెక్కించి జపాన్ దాకా పంపుతున్నారని, ఇక తరతరాలకు లోటు లేదని చెప్పుకునేవారు. సాయంత్రాలు మజ్లిస్‌లో గావా పోసే పని నాది. గావా అంటే యాలకులు వేసి కాచిన పలచటి అరబ్బు కాఫీ, చెవి లేని బుల్లి కప్పుల్లో పోస్తారు. తాగేవాడు చాలన్నట్టు కప్పు ఊపేదాకా పోస్తూనే ఉండాలి. అలా పోస్తూ పోస్తూ నేను అరబ్బీ నేర్చుకున్నాను. రాజకీయం మాత్రం నాకు ముందే వచ్చనుకునేవాణ్ణి.

మా ఇల్లు అల్ తుమామాలో. అప్పట్లో ఆ వైపు ఊరు మా గేటు దగ్గర అయిపోయేది. అవతల ఖాళీ నేల, కట్టీ కట్టని గోడలు. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడేది నేను కాక మరొక్కరే. వంటావిడ. కోనసీమ నుంచి వచ్చింది. నాకంటే ఆరేళ్లు పెద్ద, అందుకని అక్కా అనేవాణ్ణి. నేను ఫొటో దించిన నెలలోనే ఆమె ఆ ఇంట్లో దిగింది. మొగుడు ఎటో వెళ్లిపోతే, మూడేళ్ల కూతుర్ని సొంత అక్క దగ్గర వదిలి, రెండేళ్ల ఒప్పందం కాగితం మీద వచ్చింది. మా ఇద్దరి పాస్‌పోర్టులూ బాబా ఇనప్పెట్టెలో పక్కపక్కనే ఉండేవి. అక్కడి పద్ధతి ఏమిటంటే, దేశం దాటాలంటే యజమాని ఖురూజ్ అనే కాగితం మీద సంతకం పెట్టాలి. అది లేకపోతే విమానం టికెట్టు ఉన్నా ఎయిర్‌పోర్టులో వెనక్కి పంపేస్తారు.

రెండేళ్లు నిండగానే అక్క అడిగింది. మేడమ్, అంటే బాబా భార్య, రంజాన్ అయ్యాక చూద్దామంది. రంజాన్ అయ్యాక ఎండాకాలం సెలవులయ్యాక అంది. ఈలోగా చమురు ధర పడిపోయింది. గ్యాస్ గురించి అన్ని గొప్పలు చెప్పిన మనుషులే మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. బాబా కాంట్రాక్టులు ఆగిపోయాయి. ఇంట్లో పొదుపు మొదలైంది. వాళ్ల పొదుపు అంటే ఒకరి పని తీసి ఇంకొకరి నెత్తిన పెట్టడం. రెండో వంటమనిషిని శ్రీలంకకు పంపేశారు. దాంతో పదిహేనుమందికి వంట, బాబా తల్లి కాళ్లకు నూనె పట్టడం, అన్నీ అక్క మీదే పడ్డాయి. ఆ పెద్దావిడను మేము మామా కబీర్ అనేవాళ్లం, పెద్దమ్మగారు అన్నమాట. ఆమె అక్క చేతి వంట తప్ప ముట్టేది కాదు. ఆ చేతి రుచే అక్క కాళ్లకు సంకెల అయింది.

శుక్రవారాలు కుటుంబమంతా అల్ షహానియా వెళ్లేది. అక్కడ బాబాకు ఒంటెల దొడ్డి ఉంది. వాళ్లు ముందు కారులో, అక్కా నేనూ గిన్నెలూ బియ్యం మూటలూ వెనక పెద్ద బండిలో. వారం మొత్తంలో అక్క గేటు దాటేది ఆ ఒక్క రోజే. ఆ దారిలో మాకొక అలవాటు ఉండేది. ఊరినుంచి ఎవరైనా వస్తే వాళ్ల చేత అక్క సోదరి ఒక క్యాసెట్ పంపేది. ఉత్తరానికి బదులు మాటలే రికార్డు చేసి పంపడం అప్పట్లో మా అందరికీ మామూలు. అది నా బండి టేప్‌లో పెట్టేవాణ్ణి. షహానియా చేరేలోగా ఒక వైపు అయిపోయేది.

మొదటి క్యాసెట్‌లో పిల్ల ఊపిరాడకుండా మాట్లాడింది. కోడి ఎన్ని గుడ్లు పెట్టిందీ, ఎవరు తన పలక విరగ్గొట్టిందీ, దుబాయ్ నుంచి వచ్చేటప్పుడు విమానం మన దొడ్లో దించమనీ. మనవాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే కదా. అక్క నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. నాలుగో ఏడు వచ్చిన క్యాసెట్‌లో ఆ పిల్ల గొంతు ముదిరింది. బాగున్నారా, నేను బాగున్నాను, ఒకటో తరగతి పాసయ్యాను అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పి ఆగిపోయింది. తర్వాత కొంచెం దూరం నుంచి, తన పెద్దమ్మతో అంటున్న మాట టేప్‌లో పడిపోయింది.

"అమ్మా, ఇంకేం చెప్పమంటావ్ ఆవిడికి?"

అక్క వెనక్కి తిప్పమంది. మళ్లీ విన్నది. మూడోసారి కూడా తిప్పమంటే నేను బటన్ నొక్కలేదు.

"పిల్ల తప్పేటుంది తమ్ముడూ," అంది. "పిలవడానికి మనిషి కనపడాలి కదా. ఇంకో రెండేళ్లు పోతే ఆవిడ అని కూడా అనదు."

నేను కోపిష్టి మనిషిని. ఎదుటివాళ్లు ఏడ్చినా ఓర్చుకుంటాను గానీ, ఇలా నెమ్మదిగా మాట్లాడితే ఓర్చుకోలేను. ఆ రోజే మనసులో అనుకున్నాను, ఈమెను ఈ ఏడు ఇంటికి చేర్చాల్సిందే అని. నాకెవరూ చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు.

సరిగ్గా అప్పుడే ఎన్నికలు వచ్చాయి. తొంభై తొమ్మిదో సంవత్సరం మార్చిలో మున్సిపల్ కౌన్సిల్‌కు ఓట్లు అన్నారు. ఆ దేశంలో అలా ఓట్లు వేయడం అదే మొదలు. ఆడవాళ్లు కూడా వేయవచ్చు, నిలబడవచ్చు కూడా అన్నారు. బాబా నిలబడ్డాడు. ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. ఐదేళ్లలో నా మీద చెయ్యెత్తలేదు, జీతం ఆపలేదు. ఎన్నికలంటే ఆయనకు నిజంగానే నమ్మకం. వీధి దీపాలు, పిల్లలకు పార్కు, చెత్త బండ్లు, వీటి గురించి కాగితాలు రాసుకుని అద్దం ముందు చదువుకునేవాడు. బండిలో వెనక సీట్లో కూర్చుని నన్ను కూడా అడిగాడు.

"మీ దేశంలో ఎలా అడుగుతారు ఓట్లు?"

నేను ఉబ్బిపోయాను. జీపుల గురించి, మైకుల గురించి, గోడల మీద రాతల గురించి చెప్పాను. బాంబుల సంగతి చెప్పలేదు. ఆయన ఆసక్తిగా విన్నాడు. యజమాని డ్రైవర్ మాట వినడం మొదలుపెడితే డ్రైవర్‌కు తల తిరుగుతుంది. నాకు తిరిగింది.

ఇంటి ముందు పెద్ద టెంటు వేశారు. రోజూ సాయంత్రం యాభై అరవైమంది వచ్చేవాళ్లు. అక్కకు ఊపిరి సలపని పని. ఒక సాయంత్రం షహానియా వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఆయన కొడుకు బండితో బాబా కారును గుద్ది కేసులో ఇరుక్కున్నాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను గావా పోశాను. ఆయన తీసుకున్నాడు, తాగలేదు. కప్పును ముందు తివాచీ మీద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. టెంటంతా గమ్మునైపోయింది. బాబా లేచి వచ్చి, "తాగండి, మీరు వచ్చిన పని అయిపోయింది," అన్నాడు. పని ఏమిటో ఇంకా అడగనైనా అడగలేదు. అప్పుడు ముసలాయన తాగి, కొడుకు కేసు సంగతి చెప్పాడు. మర్నాడు నేనే బాబాను పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాను. కేసు వెనక్కి తీసుకున్నాడు.

ఇది మా ఊరి పద్ధతే అని నాకు తట్టింది. మా దగ్గర ఎన్నికలప్పుడు లీడర్ జీపు వీధిలోకి వస్తే ఆడవాళ్లు హారతి పళ్లెం పట్టుకుని అడ్డం నిలబడతారు. హారతి పట్టాక అందరి ముందూ అడుగుతారు. అప్పుడాయన కాదనలేడు. మా వీధిలో ఒకామె అలాగే జీపు ఆపి, స్టేషన్లో కూర్చోబెట్టిన కొడుకును అడిగింది. మధ్యాహ్నానికి కొడుకు ఇంట్లో అన్నం తింటున్నాడు. ఓట్లు అయ్యేదాకానే వాడు మనవాడు, ఆలోగా ఏం అడగాలో అడిగెయ్యాలని మా వాళ్లకు ఉగ్గుపాలతోనే తెలుసు. అక్కడ హారతి, ఇక్కడ గావా. అంతే తేడా అనుకున్నాను.

పక్క సైటులో ఇటుకలు మోసే జగిత్యాల మనిషి ఒకడు సాయంత్రాలు మా గేటు దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. వాడితో నా ఆలోచన చెప్పాను. వాడు బీడీ పారేసి నా మొహం చూశాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా అన్నా? ఓట్లు వాళ్లయి, గిన్నెలు కడుగుడు మనది. గాయన నీ ముంగట ఎందుకు వంగుతడు? నీకు ఓటున్నదా?"

"నాకు లేకపోతేనేమిరా, చూసేవాళ్లకుంది. నలుగురి ముందర అడిగితే యాడికి పోతాడు?"

"నిన్నే యాడికో తోలుతడు చూడు," అన్నాడు వాడు లేస్తూ.

అక్కకు కూడా చెప్పాను, వంటింటి గుమ్మం దగ్గర. ఆమె ఉల్లిపాయల కత్తి పక్కన పెట్టి బయటికొచ్చింది.

"వద్దు తమ్ముడూ. మామా కబీర్‌ని నేను అడిగేనులే. రోజూ కాళ్లు పడతన్నప్పుడు ఒక్కో మాట ఏస్తన్నాను. ఎలచ్చన్లు అయ్యేక కొడుకుతో సెప్తానంది. ఆవిడ మాట అంటే ఆయన తీసెయ్యడు. నువ్వు ఈలోగా ఏదీ కదపకు."

"ఎలక్షన్లు అయినాక ఎవురు పలుకుతారక్కా? అప్పుడు గెలిచినోడు గెలిచినట్టుంటాడు, ఓడినోడు మొగం కూడా సూపించడు. నువ్వు గమ్మునుండు, నేను సూసుకుంటా."

"నా మాట ఇను."

నేను వినలేదు. ఆమెకు రాజకీయం తెలియదనుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ "గమ్మునుండు" నా చెవిలో ఉంది. ఆమె బతుకు గురించి ఆమెనే గమ్మునుండమన్నాను.

ఓట్లకు రెండు వారాలుందనగా, టెంటు నిండుగా ఉన్న సాయంత్రం చూసుకున్నాను. షహానియా ముసలాయన కూడా ఉన్నాడు. వరస అంతా గావా పోశాను. చివర ఒక కప్పులో నాకు నేనే పోసుకున్నాను. బాబాకు ఎదురుగా తివాచీ అంచున కూర్చుని, కప్పు నా ముందు పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. పోసే కూజా ఎక్కడ పెట్టాలో తెలియక ఎడమ చేతి పక్కన పెట్టాను.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఎవరో నవ్వారు. ఇంకెవరో, "నీ డ్రైవర్‌కు కాళ్లు నొప్పేమో," అన్నారు. తర్వాత కప్పు చూశారు. నవ్వు ఆగిపోయింది. బాబా మొహంలో రంగు మారడం నేను చూశాను, కానీ దాన్ని వేరేలా అర్థం చేసుకున్నాను. దొరికిపోయాడు అనుకున్నాను.

షహానియా ముసలాయనే మాట్లాడాడు. "మన పద్ధతి నేర్చుకున్నాడు. అడగనీ."

బాబా నవ్వాడు. "తాగు," అన్నాడు.

నేను తాగాను. వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. వంటామె వచ్చి నాలుగేళ్లు అయింది, కాగితం రెండేళ్లే, ఆమెకు చిన్న కూతురుంది, పంపించండి అన్నాను. టెంటులో ఒకరిద్దరు తలలూపారు. ఒకాయన బాబా వైపు తిరిగి, "నాలుగేళ్లా?" అన్నాడు మెల్లగా.

"ఇన్షా అల్లా," అన్నాడు బాబా. "లే. కప్పులు ఖాళీగా ఉన్నాయి."

లేచాను. ఆ రాత్రంతా గాలిలో తేలాను. అక్కకు ఏ చీర కట్టుకుని విమానం ఎక్కాలో కూడా చెప్పేశాను. ఆమె మర్నాటి శనగలు నానబోసి, వంటింటి దీపం ఆర్పేసింది.

రెండు వారాలు ఇంట్లో ఏమీ జరగలేదు. మేడమ్ మాత్రం అక్కతో మాట్లాడటం మానేసింది. చేయాల్సిన వంటలు చీటీ మీద బొమ్మలు గీసి, ఇల్లు తుడిచే పనిపిల్ల చేత పంపేది. బాబా ఎప్పటిలాగే వెనక సీట్లో కూర్చునేవాడు. నన్ను ఏమీ అడిగేవాడు కాదు.

ఓట్ల రోజు మామా కబీర్‌ను బడికి తీసుకెళ్లే పని నాకు పడింది. బడినే పోలింగ్ స్టేషన్ చేశారు, ఆడవాళ్లకు వేరే దారి. ఆమె పొద్దున్నే తయారై, కొత్త అబాయా వేసుకుని, అత్తరు పూసుకుని కూర్చుంది. లోపలికి వెళ్లిన మనిషి గంట దాకా రాలేదు. వచ్చేటప్పుడు కర్ర ఊపుతూ వచ్చింది. అంత వయసులో అలాంటి నడక నేను చూడలేదు. బండి ఎక్కి, ముసుగు సర్దుకుని, తనలో తానే చెప్పుకున్నట్టు అంది.

"నా పెళ్లి నన్నడిగి చేయలేదు. పిల్లల పేర్లు కూడా నన్నడిగి పెట్టలేదు. ఇవాళ ఒక అమ్మాయి కాగితం చేతికిచ్చి, తెర వెనక్కి వెళ్లమ్మా, నీ ఇష్టం అంది. నా ఇష్టమట."

మంచి సమయం అనుకుని అన్నాను.

"మామా, మరి మా అక్క సంగతి?"

ఆమె కర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. తర్వాత చెప్పింది, నాకు అర్థం కావాలని చిన్న చిన్న మాటల్లో.

"నేను చెబుదామనే అనుకున్నాను. వాడు నా మాట వినేవాడు. ఇప్పుడు నువ్వు మగవాళ్ల మధ్య వాడి మెడ పట్టుకున్నావు. ఇప్పుడు పంపితే గావా పోసేవాడికి లొంగాడంటారు. ఇంక నేను చెప్పలేను. వాడు వినలేడు."

"మీరు ఒక్కసారి చెప్పండి."

"ఆమె వెళ్తే నాకు ఎవరున్నారు?" అంది ఆమె. ఆ మాటకు సిగ్గుపడినట్టు, వెంటనే, "యల్లా, పోనీ బండి," అంది.

అప్పుడే ఓటు వేసి తల ఎత్తుకుని వచ్చిన మనిషి ఆమె. ఆమెను తిట్టుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. కుదరలేదు. ఆమె తెరిచి ఉంచిన తలుపును నేనే మూసేశానని తెలిశాక ఎవరిని తిట్టాలి?

బాబా ఓడిపోయాడు. బాగానే ఓడాడు. పెద్ద కుటుంబం వాళ్ల మనిషి గెలిచాడు. టెంటు విప్పే రోజు సాయంత్రం ఆయన నన్ను మజ్లిస్‌లోకి పిలిచాడు. గదిలో ఆయన తప్ప ఎవరూ లేరు. ముందు బల్ల మీద ఒక పాస్‌పోర్టు, దాని మీద సంతకం పెట్టిన కాగితం ఉన్నాయి. కాగితం చూడగానే పోల్చుకున్నాను. ఖురూజ్. ఓడినా మాట నిలబెట్టుకున్నాడు, మనిషంటే ఇలా ఉండాలి అనుకున్నాను. ఆ అర నిమిషం నేను ఆయన్ను ప్రేమించాను.

"తీసుకో," అన్నాడు.

తీసి పేజీ తిప్పాను. అందులో నా మొహం ఉంది.

"బాబా, ఇది నాది."

"నీదే. ఎల్లుండి విమానం."

"మరి అక్కది?"

"ఆ రోజు కప్పు కింద పెట్టినప్పుడు నువ్వెవరు?" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. "అతిథి పెడితే అది నాకు గౌరవం. నా ఇంటికి వచ్చి, నా మీద నమ్మకంతో పెడతాడు. నువ్వు అతిథివా? బయట ఏమన్నారో తెలుసా? వంటమనిషిని పంపనివాడు వీధికి దీపాలు ఏం తెస్తాడన్నారు. నా సొంత బావమరిది అన్నాడు."

"పంపించి ఉంటే ఆ మాట పడేవాళ్లు కాదు కదా బాబా."

ఆయన నా వైపు చూశాడు. ఒక క్షణం, ఆ మాట ఆయన కూడా అనుకుని ఉంటాడనిపించింది.

"ఖలాస్," అన్నాడు. అంటే, అయిపోయింది అని.

ఇవ్వాల్సిందంతా ఇచ్చాడు, దాంట్లో వంక పెట్టను. చేయి కూడా కలిపాడు. గోడ మీద కొత్త ఫొటో, నేను తగిలించిందే, కొంచెం పక్కకు ఒరిగి ఉంది. ఎప్పుడూ సర్దేవాణ్ణి. ఆ రోజు సర్దలేదు.

నా టేప్ రికార్డర్ అక్కకే వదిలేశాను. వెళ్లే రోజు మధ్యాహ్నం ఆమె వంటింటి వెనక నుంచి వచ్చి, గుడ్డలో చుట్టిన క్యాసెట్ ఒకటి నా చేతికిచ్చింది. పిల్లకు గౌను, పాలపొడి డబ్బా కూడా ఇచ్చింది.

"నా వల్లేనక్కా," అన్నాను.

కాదంటుందని నాకు చిన్న ఆశ. అలాంటివి అనే మనిషి ఆమె.

"అవును తమ్ముడూ," అంది. "మంచికే సేసేవు. కొంచెం ఆగుంటే బాగుండేది." తర్వాత, నా చొక్కా మీద పిండి ఏదో అంటితే దులిపింది. "పిల్లకి నేను బాగున్నానని సెప్పు. వచ్చే ఏడు వస్తానని సెప్పు."

బొంబాయిలో దిగి, రైలెక్కి, మా ఊరికి కూడా వెళ్లకుండా ముందు కోనసీమే వెళ్లాను. కాలవ పక్కన రెండు గదుల పెంకుటిల్లు. అక్క సోదరి నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని గుమ్మం దాకా వచ్చి చూసింది. దోహా నుంచి మనిషి వస్తున్నాడని బొంబాయిలో దిగగానే పక్కింటికి ఫోన్ చేశాను. కబురు మోసినవాళ్లు ఎవరు వస్తున్నారో సరిగ్గా చెప్పలేదో ఏమో. పిల్లకు రెండు జడలు వేసి, పౌడరు రాసి కూర్చోబెట్టారు. నాకు టీ ఇచ్చారు. గ్లాసు ముందు నేల మీద పెట్టుకున్నాను.

క్యాసెట్ పెట్టారు. అక్క గొంతు వచ్చింది. తను బాగుందని, ఇక్కడివాళ్లు మంచివాళ్లని, పెద్దావిడకు తనంటే ప్రాణమని, బాగా చదువుకోమని, వచ్చే ఏడు వస్తానని. వెనక ఎవరో పిలుస్తున్నట్టు గిన్నె చప్పుడైంది, అక్కడ ఆగిపోయింది. పిల్ల మొదటి నుంచి చివరిదాకా బుద్ధిగా విన్నది, బడిలో పాఠం విన్నట్టు. తర్వాత నా వైపు తిరిగింది.

"మావయ్యా, మిమ్మల్ని ఎలా పంపేరు?"

వెళ్లగొట్టారు అని చెప్పాలి. మీ అమ్మ కోసం అడిగితే నన్ను తరిమేశారు అని చెప్పాలి. పెద్దమ్మ చూస్తోంది, పక్కింటివాళ్లిద్దరు గుమ్మంలో నిలబడి ఉన్నారు. దుబాయ్ నుంచి వచ్చినవాణ్ణి, వాళ్ల ముందు తరిమేశారన్న మాట నా నోటికి రాలేదు. పరువు అనేది ఎక్కడికక్కడ అడ్డం వస్తూనే ఉంటుంది, బాబాకైనా నాకైనా.

"అడిగినాను పాపా," అన్నాను. "అడిగితే పంపినారు."

పిల్ల ఒక జడ కొస ముందుకు వేసుకుంది. దాని మొహంలో కోపం లేదు, ఏడుపూ లేదు.

"అయితే మా అమ్మ అడగలేదన్నమాట," అంది.

క్యాసెట్ బయటికి తీసి, డబ్బాలో పెట్టి, అలమరలో మిగతావాటి పక్కన సర్ది, ఆడుకోవడానికి బయటికి వెళ్లిపోయింది. నేను పిలిచి చెప్పి ఉండవచ్చు. ఇవాళ్టికీ చెప్పలేదు. టీ చల్లారిపోతోంది తాగమని పెద్దమ్మ అంటే, గ్లాసు ఎత్తి తాగేశాను.